పరామర్శకు పోవద్దు, ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి పోండి

అన్నలారా, అక్కలారా, ఈసారి వరి గురించి, సెనక్కాయ గురించి కాదు. నా భార్యకు లుకేమియా అని, అంటే బ్లడ్ క్యాన్సర్ అని మీలో చానా మందికి తెలుసు. పోయిన ఏడాది చెన్నైలో వైద్యం మొదలైంది, ఇప్పుడు ఇంటి దగ్గర మాత్రలు వేసుకునే దశకు వచ్చినాం. ఇన్నాళ్లూ ఈ సంగతి ఇక్కడ రాయలేదు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ నెల్లో మా పక్క ఊర్లో ఇంకో ఇంట్లో ఇదే జబ్బు బయటపడింది. వాళ్లను చూసొస్తామని జనం ఆటోలు కట్టుకుని పోతున్నారు. దయచేసి పోవద్దు.

మనవైపు జబ్బు మనిషిని చూడ్డానికి పోవడం మర్యాద. పోకుంటే మాటొస్తుంది. కాలు విరిగినోళ్ల దగ్గరికి పోతే వాళ్లకూ పొద్దు పోతుంది, మంచిదే. ఈ జబ్బు అట్లాంటిది కాదు. కీమో ఎక్కించినాక పాడు కణాలతో పాటు మంచి తెల్లకణాలు కూడా పడిపోతాయి. వాటిల్లో న్యూట్రోఫిల్స్ అని ఉంటాయి, ఒంటికి కాపలా కాసేవి అవే. అవి 500 లోపలికి దిగినాయంటే చేనుకు కంచె పీకేసినట్టే. మీకు నాలుగు రోజుల్లో పోయే జలుబు ఆ మనిషిని ఐసీయూ దాకా తీసుకుపోతుంది. మాకు దగ్గరి బంధువు ఒకాయన దగ్గుతానే వచ్చి, మంచం మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని ఏడ్చి పోయినాడు. మూడో నాడు ఆమెకు జ్వరం. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆయన వల్లే అని నేను అననుగానీ, ఆ తర్వాత గేటుకు తాళం వేసినాను. "పెళ్లాం కోసం చుట్టాలను తరిమేసినాడు" అన్నారు. అననీ.

రైతు ఇంట్లో ఇంకో చిక్కుంది. మన పనే ఆమెకు అపాయం. గడ్డివామి దులిపితే లేస్తుందే బూజు దుమ్ము, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఈ జబ్బు మనిషికి మామూలు దగ్గుతో పోదు. పేడదిబ్బ, కొట్టం, మూలకేసిన తడి మూటలు, అన్నీ అంతే. రెండు ఆవులనూ తమ్ముడి ఇంటికి తోలేసినాం. నేను కయ్య నుంచి వస్తే బోరు దగ్గరే స్నానం చేసి, వేరే గుడ్డలు కట్టుకునే లోపలికి పోయేవాణ్ణి.

ఇంక మొగుడి పని. ఇట్లాంటప్పుడు అందరూ చెప్పే మొదటి మాట "వాళ్ల అమ్మను పిలిపించు, చెల్లెల్ని పిలిపించు" అని. వాళ్లు వస్తే సంతోషమే. కానీ డాక్టర్ దగ్గర కూర్చుని విన్నది ఎవరు? రిపోర్టులు మోసింది ఎవరు? వంటింటి బాధ్యత, మాత్రల బాధ్యత మొగుడే తీసుకోవాలని నా అభిప్రాయం. సంగటి గెలకడం మగోడికి రాని విద్యేం కాదు. అప్పుడే వండి వేడిగా పెట్టాలి, నీళ్లు కాచి చల్లార్చి ఇయ్యాలి, పచ్చి కూరలు, కోసి అమ్మే పండ్లు, అరకొర ఉడికిన గుడ్డు ఇయ్యకూడదు. పొద్దున వండింది రాత్రికి పెట్టకూడదు.

మాత్రల సంగతి జాగ్రత్తగా చదవండి. మా ఆవిడది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ అనే రకం. దానికి మొత్తం వైద్యం రెండు మూడేళ్లు నడుస్తుంది. చివరి దశలో మెర్కాప్టోప్యూరిన్ రోజూ ఉంటుంది, మెథోట్రెక్సేట్ మాత్రం వారానికి ఒక్కసారే. ఆ వారం మాత్రను పొరపాటున రోజూ వేస్తే ప్రాణాలు పోతాయి. మా ఇంట్లో క్యాలెండర్ మీద గురువారాలకు ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి, వేసిన వెంటనే సంతకం పెడతాను. స్టెరాయిడ్ మాత్రలు నడిచే రోజుల్లో మనిషికి విపరీతమైన ఆకలి, కోపం, రాత్రంతా నిద్ర లేకపోవడం ఉంటాయి. ముప్పై ఏళ్లలో నన్ను అనని మాటలు ఆ రోజుల్లో అనింది. అది మందు మాట్లాడేది, మనిషి కాదు. ఎదురు మాట్లాడకుండా బయటికి పోయి కాసేపు నిలబడి రావడమే.

జ్వరం 100.4 దాటితే రాత్రి ఒంటిగంట అయినా బండి కట్టించి ఆసుపత్రికి పోవాల్సిందే. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది అసలే వద్దు, ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు కండకు సూది వేస్తే లోపల రక్తం గడ్డ కడుతుంది. ప్లేట్‌లెట్లకని బొప్పాయి ఆకు రసం సీసాలో పోసుకుని వచ్చేవాళ్లు ఉంటారు, డెంగీలో తాగించిన అలవాటు. పచ్చి ఆకు రసం ఈ జబ్బు మనిషికి ఇయ్యొద్దు. కొండ నుంచి తీర్థం తెచ్చినోళ్లుంటే కళ్లకద్దుకుని పక్కన పెట్టినాం, దేవుడు ఏమీ అనుకోడు. అన్నట్టు, జుట్టు రాలిపోయినాక మా ఆవిడను బస్సులో చూసినోళ్లు "తిరుమలలో మొక్కు తీరిందా అమ్మా" అని అడిగేవాళ్లు. ఆమె నవ్వి "ఇంకా తీరాల" అనేది. మనవైపు గుండుకు ఎవరూ వింతగా చూడరు, ఆ మేలు ఉంది.

"మా వాడొకడు రోజుకో మాత్రతో పదేళ్లుగా బతుకుతున్నాడు, నీకెందుకు ఇన్ని తిప్పలు" అన్నోళ్లూ ఉన్నారు. అది వేరే రకం, క్రానిక్ మైలాయిడ్ అంటారు. దానికి ఇమాటినిబ్ అనే మాత్ర ఉంది. ఆ పేటెంట్ కోసం నోవార్టిస్ కంపెనీ వేసిన కేసును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. నెలకు లక్ష దాటే మందు మన దేశపు కంపెనీలు చానా తక్కువకు అమ్మగలుగుతున్నాయి. పేరు ఒకటే అయినా జబ్బులు వేరు, ఒకరి కథ ఇంకొకరికి చెప్పి భయపెట్టొద్దు, ఆశ పెట్టొద్దు.

సాయం చెయ్యాలని ఉంటే చెయ్యదగ్గది ఒకటుంది. కీమో అయినాక ప్లేట్‌లెట్లు 10 వేల దాకా పడిపోతాయి, ఎక్కించాల్సిందే. తీసినవి ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, అందుకే ముందుగా దాచిపెట్టేది కుదరదు. 18 ఏళ్లు దాటి, 50 కిలోలకు పైన బరువుండి, మూడు రోజులుగా ఆస్పిరిన్ వేసుకోనివాళ్లు ఇయ్యొచ్చు. మిషన్ మీద గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ఎర్ర రక్తం మళ్లీ మీకే ఎక్కుతుంది, 48 గంటల్లోనే మళ్లీ ఇయ్యొచ్చు. రోగి సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మాత్రం డాక్టర్‌ను అడక్కుండా ఇయ్యకూడదు, రేపు మూలుగ మార్పిడి అంటే వాళ్లే దాతలు కావొచ్చు. కాబట్టి ఇరుగుపొరుగే దిక్కు.

మాకు ఇచ్చినోళ్లలో ఆరుగురు శ్రీ సిటీ కంపెనీల్లో పనిచేసే పిల్లోళ్లు. రాత్రి షిఫ్టు దిగి, నిద్ర లేకుండా తడ మీదుగా చెన్నైకి బస్సెక్కినారు. ఇద్దరికి ఆ రోజు జీతం కోత పడింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2017 డిసెంబర్ ఉత్తర్వు ప్రకారం రక్తం గానీ ప్లేట్‌లెట్లు గానీ ఇచ్చిన రోజుకు ప్రత్యేక సెలవు ఉంది, ఏడాదికి నాలుగు సార్లు, బ్లడ్ బ్యాంకు కాగితం చూపిస్తే చాలు. మా భూముల మధ్య లేచిన కంపెనీలు అదే సెలవు ఎందుకు ఇయ్యకూడదు? చెన్నై 55 కిలోమీటర్లే, పిల్లోళ్లకు మనసుంది, అడ్డం ఒక రోజు జీతమే. శ్రీ సిటీలో సూపర్‌వైజర్లుగా, హెచ్‌ఆర్‌లో ఉన్న మన ఊరోళ్లు ఈ మాట లోపల ఎత్తండి.

పక్క ఊరి ఆమెది బి పాజిటివ్. వచ్చే వారం కీమో మొదలు. ఇయ్యగలిగినోళ్లు మీ గ్రూపు, షిఫ్టు టైము నాకు మెసేజ్ పెట్టండి, రోజులు నేను సర్దుతాను. పండ్ల బుట్టలు మాత్రం వద్దు.