యాభై ఏళ్ళు నిలిచిన మేళం



తప్పు చేసిన కుర్రవాణ్ణి ఏం చెయ్యాలి? నాలుగు తగిలించాలంటారు కొందరు, పోనిమ్మంటారు కొందరు. అమెరికాలో ఎమిలియో కాస్టిలో అనే కుర్రవాడి తండ్రి మూడో దారి తొక్కాడు.

ఎమిలియోకు అప్పుడు 14 ఏళ్ళు. అతడూ, అతని సోదరుడూ ఒక చొక్కా దొంగిలించి పట్టుబడ్డారు. చెడుదారి పట్టకుండా ఉండటానికి ఏం పని చేస్తారో మీరే ఆలోచించి చెప్పండి, అంతవరకూ గది దాటి రావద్దన్నాడు తండ్రి. ఇద్దరూ ఆలోచించి, సంగీతం నేర్చుకుంటామన్నారు. తండ్రి వెంటనే వాళ్ళను వాద్యాలమ్మే దుకాణానికి తీసుకుపోయాడు. ఎమిలియో సాక్సఫోన్ ఎంచుకున్నాడు. పెద్దవాడయ్యాక ఆయన ఈ సంగతి దాచుకోకుండా తానే చెప్పాడు.

1968లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓక్లండ్ ప్రాంతంలో ఆయన ఒక మేళం నిలబెట్టాడు. దాని పేరు ‘టవర్ ఆఫ్ పవర్’, అంటే శక్తి గోపురం. వీరు వాయించేది సోల్, ఫంక్ అనే సంగీతం. సోల్ అంటే ఆత్మ. అమెరికాలోని నల్లజాతివారు తమ చర్చిలలో గొంతెత్తి పాడుకునే పాటలు దీనికి ఒక పుట్టిల్లు. ఇందులోనే లయకు పెద్దపీట వేస్తే ఫంక్ అవుతుంది.

ఈ మేళంలో ఊదేవారు అయిదుగురు. ఇద్దరివి ట్రంపెట్లు, ముగ్గురివి సాక్సఫోన్లు. వాటిలో అన్నిటికన్నా పెద్దది బారిటోన్ సాక్సఫోన్. మొదటినుంచీ దాన్ని ఊదినవాడు స్టీఫెన్ కుప్కా. గొట్టం పొడుగైన కొద్దీ లోపలి గాలి నెమ్మదిగా కంపిస్తుంది, ధ్వని మంద్రమవుతుంది. ఆల్టో అనే చిన్న సాక్సఫోన్ కన్నా దీని గొట్టం ఇంచుమించు రెట్టింపు పొడుగు. అందుకే దీని స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. ట్రంపెట్లు పైన మెరుస్తూ ఉంటే, ఇది అడుగున ఉండి పాటను మోస్తుంది.

డ్రమ్ము వాయించిన డేవిడ్ గారిబాల్డి పనితనం కూడా ఇలాంటిదే. గట్టి దెబ్బల మధ్య ఆయన ఎన్నో మెత్తని దెబ్బలు వేసేవాడు. అవి విడిగా మన చెవికి ఆనవు. కాని వాటిని తీసేస్తే పాట నడక చచ్చిపోతుంది.

2017 జనవరి 12న ఓక్లండులో కచేరీకి నడిచి వెళుతూ గారిబాల్డి, బేస్ గిటారు వాయించే మార్క్ వాన్ వాగెనింగెన్ రైలు పట్టాల దగ్గర ప్రమాదానికి గురైనారు. రైలు తగిలి ఇద్దరికీ గాయాలైనవి. గారిబాల్డికి అప్పటికే 70 ఏళ్ళు! మేళం ఆగలేదు, వేరేవారు వచ్చి వాయించారు. కాని ఆ ఇద్దరి చోటు ఆ ఇద్దరిదే. కోలుకున్నాక ఇద్దరూ తిరిగి వచ్చి వాయించారు.

2018 జూన్ 1న, మేళానికి 50వ ఏట, ‘సోల్ సైడ్ ఆఫ్ టౌన్’ అనే కొత్త ఆల్బమ్ వెలువడింది. 2020లో ‘స్టెప్ అప్’ అని మరొకటి వచ్చింది. ఈ 50 ఏళ్ళలో మేళంలోకి ఎందరో వచ్చారు, ఎందరో వెళ్ళారు. గారిబాల్డి కూడా ఒకప్పుడు వెళ్ళి, మళ్ళీ వచ్చినవాడే. మేళం మాత్రం చెదరలేదు. ఎందుకంటారు? అందరూ ముందు నిలబడాలని పోటీపడితే అది ఏనాడో విచ్చిపోయేది. కొందరు మెరిశారు, కొందరు మోశారు. మోసేవారిని మెరిసేవారు మరిచిపోలేదు.

మీ తరగతిలో కూడా మెల్లగా మాట్లాడే పిల్లవాడు ఒకడు ఉండే ఉంటాడు. రేపు బడిలో అతని మాట చెవిపెట్టి వినండి.

ఇక మీకు ఒక పని. ఒకే రకం ఖాళీ సీసాలు రెండు తీసుకోండి. ఒకదానిలో కొంచెం, రెండోదానిలో ముప్పాతిక వంతు నీళ్ళు పొయ్యండి. మూతి అంచుకు పెదవి ఆనించి, అడ్డంగా ఊదండి. ఏ సీసాలో కుప్కా వాద్యం పలికిందో, ఎందుకు పలికిందో మీ అమ్మానాన్నలకు వివరించి చెప్పండి.