ముందు చెప్పు, తర్వాత చూడు

గోల్ఫ్ బ్యాగులో నియమాల ప్రకారం 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు. రీల్స్‌లో కనిపించేది మాత్రం ఎక్కువగా ఒక్కటే, డ్రైవర్. ఠప్పున కొడితే బంతి ఆకాశంలో కలిసిపోవాలి, వెనకాల ఎవరో 'వావ్' అనాలి. కానీ ఒకసారి స్కోరు కార్డు తీసి లెక్క వేయండి. 18 హోల్స్ ఉన్న కోర్సుకి పార్ సాధారణంగా 72. అందులో ఒక్కో గ్రీన్ మీద రెండేసి పట్‌ల చొప్పున 36 పట్‌లకే కేటాయించారు. అంటే సగం ఆట, గడ్డిని నున్నగా కత్తిరించిన ఆ చిన్న జాగాలో బంతిని నేల మీద దొర్లించడంలోనే ఉంది.

మరి ప్రాక్టీసులో సగం టైం దానికి ఇచ్చేవాళ్లు ఎంతమంది? వారానికి ఒక్క ఆదివారం పొద్దున్నే దొరికే మా సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌లో చూస్తుంటాను. రెండు బకెట్ల బంతులు రేంజ్‌లో బాదేసి, చివర్లో ఐదు నిమిషాలు పటర్ పట్టుకుంటారు. నాలుగు పట్‌లు తప్పగానే ఒక డైలాగు వస్తుంది: "నాకు ఫీల్ లేదు బాస్."

ఆ ఫీల్‌కి తెలుగులో చక్కని మాట ఉంది. ఒడుపు. దోసె తిప్పడానికి ఒడుపు కావాలి, బావిలో చేద వేసి నీళ్లు తోడడానికి ఒడుపు కావాలి. పుట్టగానే దోసె తిప్పినవాళ్లు ఎవరూ లేరు కదా! పటింగ్ ఒడుపు కూడా అంతే. అది దేవుడిచ్చిన వరం కాదు. రోజూ కాస్త కాస్త సరిదిద్దుకునే అంచనా.

గుంత సైజు మన చేతుల్లోనే ఉంది

హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు. బంతి వెడల్పు దాదాపు 43. గుంతలో రెండు బంతులు పక్కపక్కనే పట్టి, ఇంకా చోటు మిగులుతుందన్నమాట. అయితే ఈ వెడల్పంతా మెల్లగా వచ్చే బంతికే. చివరి ఊపిరి మీద వచ్చే బంతి అంచు తగిలినా లోపలికి జారుతుంది. దూకుడుగా వచ్చేది సరిగ్గా నడిమి నుంచి వస్తేనే పడుతుంది. ఇంకా వేగంగా వస్తే గుంత మీంచి దూకి వెళ్లిపోతుంది. వేగం తప్పితే గుంత చిన్నదైపోతుంది, అంతే.

కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ అమెరికా పీజీఏ టూర్ ఆటగాళ్ల షాట్ల డేటాని తవ్వి తీసిన లెక్కలు ఒకసారి చూడండి. ప్రపంచంలో అంత గొప్ప ఆటగాళ్లు కూడా 8 అడుగుల దూరం నుంచి సుమారు సగం పట్‌లే వేయగలుగుతున్నారు. 33 అడుగుల నుంచి అయితే వాళ్ల సగటు రెండు పట్‌లు. అంటే దూరం నుంచి కొట్టేటప్పుడు వాళ్ల పోరాటం కూడా ఎక్కువగా గుంతలో వేయడం కోసం కాదు, మొదటి బంతి గుంత పక్కన ఆగడం కోసమే.

30 అడుగుల పట్‌లో కొత్తవాళ్లు దిక్కు తప్పేది సాధారణంగా ఒకటి రెండు అడుగులు. దూరం తప్పేది ఐదారు అడుగులు. మూడో పట్ అక్కడే పుడుతుంది. కాబట్టి ఒడుపు అంటే ముందు దూరం ఒడుపు. గీత గీసినట్టు నేరుగా కొట్టడం ఆ తర్వాత.

లెక్క ఎంతవరకు తోడొస్తుంది?

ఇంటర్‌లో బట్టీ పట్టిన 'వీ స్క్వేర్ ఈక్వల్స్ యూ స్క్వేర్ ప్లస్ టూ ఏఎస్' గుర్తుందా? చదును నేల మీద బంతి దొర్లే దూరం, అది బయల్దేరిన వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దూరం రెట్టింపు అయితే వేగం రెట్టింపు అక్కర్లేదు, సుమారు 1.4 రెట్లు చాలు. దూరం నాలుగింతలైతే వేగం రెండింతలు. పటర్‌ని గోడ గడియారం లోలకంలా ఒకే లయలో ఊపుతున్నామనుకుందాం. అప్పుడు వేగం ఊపు పొడవుని బట్టే ఉంటుంది. 3 మీటర్ల పట్‌కి 20 సెంటీమీటర్లు వెనక్కి తీస్తే, 6 మీటర్లకి 28, 12 మీటర్లకి 40. దూరం పట్‌లు చాలామంది బాదేసేది ఇక్కడే. దూరం చూసి కంగారుపడి చేతులు బిగిస్తారు, లయ పోతుంది.

గ్రీన్‌కి కూడా ఒక నంబర్ ఉంటుంది. 1935లో ఓక్‌మాంట్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో జీన్ సరాజెన్ కొట్టిన పట్ గ్రీన్ దాటి ఇసుక బంకర్‌లోకి పోవడం చూశాడు ఎడ్వర్డ్ స్టింప్సన్. గ్రీన్ అంత జారుడుగా ఉందని నిరూపించడానికి గాడి ఉన్న ఒక చెక్క పట్టీ తయారుచేశాడు. దాన్నే మార్చి అల్యూమినియంతో చేసి, 1978లో అమెరికా గోల్ఫ్ సంఘం కోర్సులకు అందించింది. స్టింప్‌మీటర్ అంటే అదే. పొడవు 36 అంగుళాలు. బంతి పెట్టి ఒక కొస మెల్లగా ఎత్తితే సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి దానంతటదే దొర్లుతుంది. చదునులో ఎన్ని అడుగులు పోతే అదే ఆ గ్రీన్ స్పీడు. 8 ఉన్న గ్రీన్ మీద 20 అడుగులు పోయే దెబ్బ, 12 ఉన్న గ్రీన్ మీద 30 అడుగులు పోతుంది.

ఇదంతా తెలిస్తే పని అయిపోయినట్టేనా? లేదండీ. పొద్దున మంచు తడి ఉన్న గ్రీన్ నెమ్మది, ఎండెక్కాక అదే గ్రీన్ చురుకు. మన లాంటి వేడి ప్రాంతాల్లో పెంచే బెర్ముడా గడ్డి ఒక వైపుకి వాలి ఉంటుంది. మీరు నిలబడ్డ చోటు నుంచి మెరుస్తూ కనిపిస్తే బంతి వాలు వెంట పోతుంది, త్వరగా. నల్లగా కనిపిస్తే ఎదురు, నెమ్మది. వీటన్నిటినీ కలిపి ఒక్క ఊపుగా మార్చాల్సింది చెయ్యి. చేతికి ఫార్ములా అర్థం కాదు. దానికి అర్థమయ్యేది అనుభవం ఒక్కటే.

"చూడకుండ చెప్పుండ్రి సార్"

ఈ అనుభవం ఎలా పోగవుతుందో నాకు అర్థమయ్యేలా చూపించింది ఒక క్యాడీ అన్న. యాభై దాటిన మనిషి. కోర్సుకి సెలవు ఉండే సోమవారాలే ఆయన ఆడుకునే రోజులు. బ్యాగు మోసేటప్పుడు గ్రీన్ మీద కాలు పెట్టగానే స్పీడు చెప్పేస్తాడు. "అన్నా, మీకెలా తెలుస్తుంది?" అని అడిగాను ఒకరోజు.

జవాబు చెప్పలేదు. ఒక బంతి పెట్టి, "కొట్టుండ్రి సార్. తల ఎత్తకుండ్రి. బాల్ యాడ ఆగిందో చూడకుండ చెప్పుండ్రి" అన్నాడు.

కొట్టాను. "కొంచెం తక్కువైందన్నా, ఒక అడుగు" అన్నాను. తల ఎత్తి చూస్తే బంతి గుంత దాటి మూడడుగులు పోయింది. ఆయన నవ్వి, "చిన్నప్పుడు గోటీలు ఆడలేదా సార్? గోటీ విడవంగనే తెలుస్తదిగా, తగుల్తదో తగలదో" అన్నాడు.

అంతే, విషయం మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది. బంతి పటర్‌ని వదిలిన క్షణంలో చేతికి ఒక కబురు అందుతుంది. ఆ కబురుని మాటగా బయటికి చెప్పాలి. తర్వాత తల ఎత్తి నిజం చూడాలి. చెప్పిన దానికీ చూసిన దానికీ మధ్య ఉన్న తేడాయే పాఠం. ముందే తల ఎత్తేస్తే కళ్లు జవాబు చెప్పేస్తాయి, చేతికి ప్రశ్న అడిగే అవకాశమే ఉండదు. క్యారమ్స్‌లో స్ట్రైకర్ వదలగానే 'అబ్బా' అనేస్తాం చూడండి, కాయిన్ ఇంకా పాకెట్ దాకా వెళ్లకముందే! ఆ 'అబ్బా'నే ఒడుపు.

ఆ అన్న లాంటివాళ్లని చూసి మనవాళ్లు 'నేచురల్ టాలెంట్' అని తేలిగ్గా అనేస్తారు. ఆ మాటలో మెచ్చుకోలు కన్నా ఆయన పడ్డ శ్రమని కొట్టేయడమే ఎక్కువ. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ కూడా ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడే. వేల పట్‌లు దగ్గరుండి చూస్తూ, ప్రతిదానికీ మనసులో ఒక అంచనా కడుతూ తిరిగే పని అది. అంతకంటే మంచి ట్రైనింగ్ ఇంకేముంటుంది?

ఒకే చోటి నుంచి వంద కొడితే?

చాలామంది ఒకే చోట పది బంతులు పోసుకుని వరసగా కొడతారు. ఆరో బంతికల్లా గుంతలో పడటం మొదలవుతుంది, హుషారొస్తుంది. కానీ అక్కడ జరిగేది కాపీ పేస్టు. ఐదో బంతి కన్నా కాస్త మెల్లగా ఆరోది, అంతే. మ్యాచ్‌లో ఆ ఐదు బంతులు ఉండవు. ప్రతి పట్ కొత్త దూరం, ఒక్కటే ఛాన్స్.

1978లో కెర్, బూత్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలతో చేసిన ప్రయోగం ఒకటుంది. గింజలు నింపిన చిన్న సంచిని గురి చూసి విసరడం ఆట. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఒక గుంపు 3 అడుగుల దూరం నుంచే ప్రాక్టీసు చేసింది. ఇంకో గుంపు 2 అడుగులు, 4 అడుగుల నుంచి మార్చి మార్చి చేసింది, 3 అడుగులది అసలు ముట్టుకోలేదు. చివరికి పరీక్ష 3 అడుగుల నుంచే పెట్టారు. బాగా వేసింది రెండో గుంపు! ఒకే దూరం చేసినవాళ్లకి ఆ ఒక్క విసురు వచ్చింది. దూరాలు మార్చినవాళ్లకి విసరడమే వచ్చింది.

ఆదివారం ఇరవై నిమిషాలు

ఫోన్ బ్యాగులో పడేయండి. ఒక్క బంతి చాలు.

మొదటి ఐదు నిమిషాలు పటర్ వద్దు. వంగి, చేత్తో బంతిని గుంత వైపు దొర్లించండి. దగ్గర, దూరం, మళ్లీ దగ్గర. చెయ్యి ఎంత వెనక్కి వెళ్తోందో గమనించండి. దూరాన్ని బట్టి ఊపు దానంతటదే సర్దుకుంటుంది. మీకు ఒడుపు లేదన్న మాట అక్కడే అబద్ధమని తేలిపోతుంది.

తర్వాతి ఐదు నిమిషాలు గుంతని మర్చిపోండి. గ్రీన్ అంచే మీ గురి. అంచు దాటకుండా, వీలైనంత దగ్గరగా బంతి ఆగాలి. గుంత కనిపిస్తే మనసు పడిందా లేదా అని అడుగుతుంది. అంచు అయితే ఎంత దూరం అని మాత్రమే అడుగుతుంది.

చివరి పది నిమిషాలు క్యాడీ అన్న ఆట. 3 మీటర్లు, 9 మీటర్లు, 5 మీటర్లు, ఇలా ఏ రెండు పట్‌లూ ఒకే దూరం కాకుండా. కొట్టాక తల దించే ఉంచి 'తక్కువ', 'ఎక్కువ', 'సరి' అని పైకి చెప్పండి. తర్వాత చూడండి. పటర్‌ని వేడి వేడి టీ గ్లాసు పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకోండి. బిగిస్తే చేతికి కబురు అందదు.

గ్రీన్ అందుబాటులో లేదా? పీజీ హాస్టల్ వరండాలో పాత కార్పెట్ ముక్క పరిచి, రూపాయి బిళ్ల పెట్టి, బంతిని దాని మీద ఆపడానికి చూడండి. ఆ స్పీడు గ్రీన్‌కి సరిపోదు, ఫర్వాలేదు. మనం నేర్పుతున్నది స్పీడు కాదు, చేతి మాట వినడం.

ఒక్క విషయం ముందే చెప్తాను. స్కోరు వెంటనే తగ్గదు. మూడు నెలలుగా ఇలా చేస్తుంటే నాకు మొదట మెరుగైంది పట్ కాదు, అంచనా. బంతి ఇంకా తప్పుతూనే ఉండేది, కానీ ఎటు ఎంత తప్పిందో చూడకముందే చెప్పగలిగేవాణ్ని. పట్‌లు దగ్గరగా ఆగడం ఆ తర్వాత కొన్ని వారాలకి మొదలైంది. మధ్యలో ఉండే ఆ వారాల్లోనే చాలామంది 'నా వల్ల కాదు' అని పటర్ పక్కన పడేస్తారు. నిజానికి ఒడుపు అప్పటికే సగం వచ్చేసి ఉంటుంది. స్కోరు కార్డుకే ఇంకా కబురు అందలేదు.

ఇది గోల్ఫ్‌తో ఆగే సంగతి కూడా కాదు. ఆఫీసులో ఈ పని ఎన్ని రోజులు పడుతుందని అడిగితే ముందు ఒక నంబర్ రాసి పెట్టుకుని, పని అయ్యాక పోల్చి చూసుకునేవాళ్లకే ఎస్టిమేట్ వేయడం వస్తుంది. కోడ్‌లో బగ్ ఎక్కడుందో ముందు ఊహించి, తర్వాత ఏఐని అడిగినవాళ్లకే బగ్ వాసన పట్టే ముక్కు వస్తుంది. ఈ రోజుల్లో ప్రతిదానికీ జవాబు జేబులోనే ఉంది, మనం ప్రశ్న పూర్తి చేయకముందే స్క్రీన్ మీద వెలుగుతుంది. చూడటంలో తప్పేం లేదు. చూసే ముందు ఒక్క సెకను ఆగి, మన మాట మనం చెప్పాలి.

ఈ ఆదివారం ఒక్క బంతితో మొదలుపెట్టండి. కొట్టండి, తల దించే ఉంచండి. ఎక్కడ ఆగింది?