ఇసుకేటికి అంత పెద్ద బ్రిడ్జా?

కడప, కర్నూలు వైపు బస్సెక్కితే ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినపడుతుంది. "చుక్క నీళ్ళు లేని ఏటికి ఇంత పొడుగు బ్రిడ్జి ఎందుకు సామీ, డబ్బు దండగ" అని. నేనైతే ఒప్పుకోను. ఎప్పుడూ పారే గోదారి ఎంత తెస్తుందో లెక్కలుంటాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప ఏమీ కనపడని ఏరు ఒక్క రాత్రిలో ఎంత తెస్తుందో చెప్పడమే కష్టం.

2021 నవంబరు గుర్తుందా? పింఛా, అన్నమయ్య ప్రాజెక్టుల కట్టలు ఒకదాని వెనక ఒకటి తెగి, చెయ్యేటి ఒడ్డున పులపత్తూరు, మందపల్లి, గుండ్లూరు ఊళ్ళ మీద పడ్డాయి. ఆ రోజుల్లోనే పాపాఘ్ని మీద కమలాపురం బ్రిడ్జి కూడా కూలింది. ఎగువన వెలిగల్లు రిజర్వాయరు గేట్లెత్తారు. ఇదేం కొత్త కాదు. 1902లో మంగపట్నం దగ్గర వరదకి రైలు వంతెన కొట్టుకుపోయి, మెయిల్ బండి అందులో పడి డెబ్భై మందికి పైగా చనిపోయారు. అదీ కడప జిల్లానే, వానల్లేని సీమే!

బ్రిడ్జి కూలగానే టీవీల్లో సిమెంటు గురించి, కాంట్రాక్టరు గురించి చర్చ మొదలవుతుంది. పునాది ఎంత లోతుందని ఒక్కరూ అడగరు. వరదలో బ్రిడ్జిలు ఎక్కువగా పడిపోయేది పైన బరువుకి కాదు, కింద ఇసుక కోసుకుపోయి. నీళ్ళు పిల్లరుకి తగిలి సుడి తిరిగి, దాని మొదట్లోనే గొయ్యి తవ్వుతాయి. వరద తగ్గేటప్పుడు ఆ గొయ్యి మళ్ళీ ఇసుకతో పూడిపోతుంది కాబట్టి మర్నాడు వెళ్ళి చూస్తే ఏమీ కనపడదు. లాగులు లేకుండా క్రాష్ అయిన సర్వర్ లాంటిదన్నమాట :)

మన దేశంలో ఈ కోతకి వాడేది లేసీ సూత్రం. ఒక్కో మీటరు వెడల్పులో ఎంత నీరు పోతుందో, ఆ సంఖ్యని 2/3 ఘాతానికి పెంచితే వచ్చేదాన్ని బట్టి కోత లోతు ఉంటుంది. పిల్లరు దగ్గర సగటు లోతుకి రెట్టింపు తీసుకుంటారు. ఇక్కడే అసలు ప్రలోభం ఉంది. ఏరు అరకిలోమీటరు వెడల్పుంది, నీళ్ళేమో లేవు, రెండు వైపులా మట్టికట్ట పోసి బ్రిడ్జిని సగం చేస్తే బోలెడు ఆదా. కానీ అప్పుడు మీటరుకి నీరు రెట్టింపై, కోత సుమారు 1.6 రెట్లవుతుంది. పైన మిగిల్చిన డబ్బు కింద పునాదిలో పెట్టాలి. పెట్టకపోతే ఏరే వసూలు చేసుకుంటుంది.

వందేళ్ళకోసారి వచ్చే వరదకి డిజైన్ చేశాం అంటారు. యాభై ఏళ్ళలో అలాంటిది కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. మీ ప్రాజెక్టులో ఏ రిస్కుకైనా ఇంత ఉంటే మేనేజరు నిద్రపోతాడా? పునాదుల కోసం ఆ వరదని పరీవాహకాన్ని బట్టి మరో 10 నుంచి 30 శాతం పెంచమని ఐఆర్సీ కోడ్ చెబుతుంది, బాగానే ఉంది. కానీ ఆ గణాంకాలన్నీ వానవి. ఎగువ కట్ట తెగితే వచ్చే నీటికి గణాంకాలెక్కడివి?

2009 అక్టోబరులో కర్నూలు మునిగింది కూడా లెక్కకి మించిన నీటితోనే. తుంగభద్ర నిండుగా ఉంటే హంద్రీ నీళ్ళు పోయే దారిలేక వెనక్కి తన్నుతాయి. అంటే ఒక్కో ఏటికీ విడివిడిగా లెక్క కడితే చాలదు.

ఇక ఇసుక. కోత లోతుని వరద మట్టం నుంచి కొలుస్తారు. మనం ముందే మూడు మీటర్ల ఇసుక లారీలకెత్తితే, పునాదికి పట్టు ఇవ్వాల్సిన భాగం వరద రాకముందే బయటపడుతుంది. బ్రిడ్జికి ఎగువన కనీసం 250 మీటర్లు, దిగువన 500 మీటర్లు తవ్వొద్దని 2016 కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. బ్రిడ్జి మీద నుంచి కిందికి చూస్తే ఎంత అమలవుతోందో మీకే తెలుస్తుంది.

నేనడిగేది పెద్ద టెక్నాలజీ కాదు. సెన్సార్లూ డాష్‌బోర్డులూ తర్వాత చూద్దాం. బ్రిడ్జి కట్టిన రోజు ఇసుక ఎక్కడిదాకా ఉందో ప్రతి పిల్లరు మీదా ఒక ఎర్ర గీత గీసి, పక్కన పునాది లోతు రాయండి. జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఫోటో తీసి జిల్లా వెబ్‌సైట్లో పెట్టండి. ఆ గీతకీ ఇసుకకీ మధ్య ఎంత ఎడం వచ్చిందో ఏట్లో గొర్రెలు కాసేవాళ్ళకి కూడా కనపడుతుంది.