ఇంకా కుదరలేదా?

సంగారెడ్డిలో ఏ పెళ్ళికి వెళ్ళినా, భోజనాల దగ్గర మా అక్క కూతుర్ని అందరూ అడిగేది ఒకటే మాట: "ఇంకా కుదరలేదా?" పిల్లకి ముప్పై నిండాయి. పాశమైలారంలో ఓ మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. తెల్లారకముందే లేచి డబ్బా కట్టుకుని కంపెనీ బస్సు ఎక్కుతుంది.

అడిగేవాళ్ళలో నేనూ ఉన్నాను. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేయించాను. రుక్మిణీ కల్యాణం చదవమన్నాను. పోయిన మాఘంలో ఒక సంబంధం వచ్చింది. పెళ్ళయ్యాక ఉద్యోగం మానెయ్యాలన్నారు. "సర్దుకుపోవే, ఎన్నాళ్ళని ఆగుతావు?" అన్నాను.

"ఎదురుచూసుడు నాకు కష్టమైతలేదు చిన్నమ్మా. మీరందరు నన్ను చూసి జాలిపడుడే కష్టమైతుంది" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోతన భాగవతం తీసి రుక్మిణీ కల్యాణం నేనే చదివాను. బీఏలో పరీక్ష కోసం చదివిందే. రుక్మిణి గౌరీదేవికి మొక్కింది నిజమే. కానీ అంతకుముందే అగ్నిద్యోతనుణ్ణి ద్వారకకి పంపింది. అన్న కుదిర్చిన శిశుపాలుడు వద్దనుకుంది కాబట్టే ఆ కబురు పంపింది. వద్దనుకునే హక్కు తీసేసి ఆ కథ చదవమంటే ఎలా?

మా పక్కింటి అక్క చర్చికి వెళ్తుంది. ఆమె రిబ్కా కథ చెప్పింది. యూదుల గ్రంథంలోని పాత కథ. అబ్రాహాము తన కొడుక్కి పిల్లని చూడమని సేవకుణ్ణి పంపాడు. అతను బావి దగ్గర ప్రార్థన చేసుకున్నాడు. ఏం కోరాడో తెలుసా? తనకే కాదు, తన ఒంటెలకి కూడా నీళ్ళు తోడే పిల్ల కావాలన్నాడు. ఉన్నవి 10 ఒంటెలు! అంటే చూసింది గుణం. ఇంటివాళ్ళు రిబ్కానే పిలిచి "ఇతనితో వెళ్తావా?" అని అడిగారు. "వెళ్తాను" అని తనే చెప్పింది. పెళ్ళినాటికి ఇస్సాకుకి 40 ఏళ్ళు. ఆలస్యమైందని అతన్ని ఎవరూ తక్కువ చేసినట్టు ఆ కథలో లేదు.

కళ్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగదంటాం. ఆ మాట నిజంగా నమ్మితే ఇంత తొందరెందుకు? నమ్మకం అంటే వచ్చినదానికల్లా తలూపడం కాదు. సరైనది వచ్చేదాకా మనసు చేదు కాకుండా బతకడం. తల్లిదండ్రుల బెంగ నాకు తెలుసు. మా అక్కకి బీపీ, బావ రిటైరై రెండేళ్ళు. కానీ ఆ బెంగ మోయాల్సింది పిల్ల ఒక్కతే కాదు.

ఇప్పుడు మొక్కులు నేను మొక్కుకుంటున్నాను, దాన్ని తిప్పడం లేదు. సంబంధం వస్తే ముందు దాన్నే అడుగుతున్నాను. ఇంకా కుదరలేదు. మొన్న ఆదివారం వచ్చి సకినాలు చేయడం నేర్చుకుంది, కడుపునిండా నవ్వింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్ల ఉంటే, ఈసారి కనిపించినప్పుడు "ఇంకా కుదరలేదా?" అనకండి. "ఎలా ఉన్నావురా?" అని అడగండి.