శిశుపోషణము: గుఱ్ఱపు నడకయు, బిడ్డ నడకయు



హైదరాబాదునకు పడమట, మొయినాబాదునకును చేవెళ్ళకును నడుమ కనకమామిడి యను గ్రామము కలదు. ఆ ప్రాంతమున గుఱ్ఱపుస్వారి నేర్పు తావులు కొన్ని వెలసినవి. వానిని చూచినప్పుడు, అవయవములు స్వాధీనములో లేని బిడ్డను గన్న తల్లికి, “నా బిడ్డకును ఇది పనికివచ్చునా?” యను ప్రశ్న పుట్టుట సహజము.

గుఱ్ఱము నడచునపుడు దాని వీపు ముందువెనుకలకును, ప్రక్కలకును, క్రిందుమీదులకును ఒక లయతో కదలును. మనుష్యుడు నడచునపుడు నడుము కదలెడి తీరునకు ఈ కదలిక మిక్కిలి చేరువయైనది. కావున నడువలేని బిడ్డ దానిపై కూర్చున్నచో, ఆ బిడ్డ నడుమునకు నడక రుచి తెలియును. ఒరిగిపోకుండుటకై వీపు, కడుపు కండరములు అడుగడుగునకును సర్దుకొనుచుండును. శిక్షణ పొందిన వైద్యసహాయకులు దీనిని చికిత్సగా జరిపినచో హిప్పోథెరపీ యందురు.

డెన్మార్కు దేశస్థురాలగు లిస్ హార్టెల్ 1944లో గర్భవతిగా నుండగా పోలియో సోకి, మోకాళ్ళ దిగువ స్వాధీనము కోల్పోయెను. గుఱ్ఱమెక్కుటకును దిగుటకును పరుల సాయము కావలసియున్నను, 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో పురుషులతో పోటీపడి రజతపతకము గెలిచెను. 1956లో మరల గెలిచెను. ఆమె చరితము పెక్కుదేశములలో ఈ స్వారికి ప్రోత్సాహమయ్యెను. 1969లో ఇంగ్లండునందు వికలాంగుల స్వారికై ప్రత్యేకసంఘమే యేర్పడెను.

అయినను ఆశకు హద్దుండవలయును. స్వారి మస్తిష్క పక్షవాతమును గాని ఆటిజమును గాని మాన్పదు. మొదటివారికి కూర్చుండు నిలుకడ మెఱుగగుటయు, రెండవవారికి చిరాకు తగ్గుటయు పరిశోధనలలో కానవచ్చినవి. 2015లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధన యొకటి ఆటిజముగల 127 మంది పిల్లలను 10 వారములు పరిశీలించి యీ రెండవ మాటనే చెప్పినది. వ్యాధిని కుదుర్చుదుమని డబ్బడుగువారిని నమ్మవలదు.

ముందుగా వైద్యుని సలహా గైకొనుడు. మూర్ఛలు అదుపులో లేనివారికిని, ఎముకలు పెళుసైనవారికిని, తుంటికీలు తప్పినవారికిని ఇది అపాయకరము. డౌన్ సిండ్రోముగల బిడ్డకు మెడయెముకలు పరీక్షింపక గుఱ్ఱమెక్కింపరాదు. సికిందరాబాదు మనోవికాసనగరులో 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ బుద్ధిమాంద్యముగల బిడ్డల విషయమున సలహా నొసగును. స్వారిశాలకు పోయినచో నాలుగు సంగతులు చూడుడు: గుఱ్ఱము సాధువా? తలకు హెల్మెట్ కలదా? పగ్గము పట్టి నడిపించువా రొకరును, ఇరుప్రక్కల బిడ్డను కాచువారును ఉన్నారా? బిడ్డ భయపడి యేడ్చినచో దింపుదురా?

ఇందుకు ధనము చాలని తల్లి చింతిల్లనక్కరలేదు. వైద్యులు చెప్పిన వ్యాయామములు ఇంట ప్రతిదినము చేయించుటయే మూలాధారము. స్వారి దానికి తోడు మాత్రమే. కాని ధనమున్నను లేకున్నను చేయదగిన పని యొకటి కలదు: చుట్టములు వచ్చినప్పుడు ఆ బిడ్డను లోపలిగదిలో దాచకుడు. ఎల్లరిని తలయెత్తి చూచుటయే యెఱిగిన పసివానికి, గుఱ్ఱముపై నుండి లోకమును క్రిందుగా చూచుట యెంత సంతోషమో, నలుగురి నడుమ కూర్చుండుటయు నంతే సంతోషము.