నవ్విన వాళ్ళూ, అడిగిన మనిషీ

కిందటి నెలలో కార్యకర్తల కోసం పెట్టిన ఒక శిక్షణ శిబిరంలో పిల్లలపై జరిగే లైంగిక హింస గురించి మాట్లాడవలసి వచ్చింది. పొద్దున చట్టం గురించి చెప్పుకున్నాం. పోలీసు స్టేషన్లో, ఆసుపత్రిలో ఎదురయ్యే ఇబ్బందుల గురించి చెప్పుకున్నాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పాత టీవీ కార్యక్రమంలోని కొన్ని నిమిషాలు చూపించాను. అది నేరాల మీద తీసిన కార్యక్రమం కాదు. పుస్తకాల కార్యక్రమం, అదీ ఫ్రెంచి భాషలో. నాకు అర్థమైన మేరకు ఆపి ఆపి తెలుగులో చెబుతూ వచ్చాను. అయిపోయాక వెనక వరుసలోంచి ఒకామె అంది: "మాటలు మీరు చెబితేగానీ తెలియలేదక్కా. ఆ నవ్వులు మాత్రం మీరు చెప్పకముందే తెలిశాయి. మా ఊళ్ళో పెద్దమనుషులు పంచాయితీకి కూచున్నప్పుడు ఇట్లాగే నవ్వుతారు."

ఆమె మాట నన్ను ఇంకా వదల్లేదు. అందుకే ఈసారి సంపాదకీయం ఆ నవ్వుల గురించి.

హక్కుల పత్రికలో పుస్తకాల టీవీ కార్యక్రమం గురించి ఎందుకని మీరు అడగవచ్చు. సీరియళ్ళలో ఆడవాళ్ళని ఎలా చూపిస్తున్నారో, ప్రకటనల్లో మన శరీరాల్ని ఎలా అమ్ముతున్నారో మనం ఎన్నోసార్లు చర్చించాం. పుస్తక చర్చ అనగానే మాత్రం చేతులు జోడిస్తాం. అది సంస్కారవంతుల వ్యవహారం, అక్కడ హింస ఏముంటుందిలే అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఆ కార్యక్రమం పేరు 'అపోస్త్రోఫ్'. ఫ్రాన్సులో 1975 జనవరి నుంచి 1990 జూన్ దాకా ప్రతి శుక్రవారం రాత్రి ప్రభుత్వ టీవీలో వచ్చేది. మొత్తం 724 సార్లు ప్రసారమైంది. బెర్నార్ పివో అనే జర్నలిస్టు నడిపేవాడు. నలుగురైదుగురు రచయితల్ని చుట్టూ కూచోబెట్టి, వాళ్ళ పుస్తకాలు పూర్తిగా చదివి వచ్చి, పండితుడిలా కాకుండా మామూలు పాఠకుడిలా ప్రశ్నలు వేసేవాడు. శుక్రవారం రాత్రి బాగా మాట్లాడిన రచయిత పుస్తకం కోసం శనివారం జనం దుకాణాలకు వెళ్ళేవారు. టీవీలో మంచి వేళంతా పుస్తకాలకిచ్చిన సమాజం ఉందంటే మనలాంటి వాళ్ళకి ఈర్ష్య కలుగుతుంది. ఆ ఈర్ష్య తప్పు కాదు.

1975 మే నెలలో ఆ కార్యక్రమానికి వ్లదిమీర్ నబొకొవ్ వచ్చాడు. 'లోలిత' నవల రాసిన రచయిత. ఆ నవలలో ఒక నడివయసు మగవాడు పన్నెండేళ్ళ పిల్లను చెరబట్టి, అదంతా ప్రేమ అని తనే మనకు కథ చెబుతాడు. అప్పటికే 'లోలిత' అన్న మాట మగవాళ్ళను వలలో వేసుకునే చిన్నపిల్ల అనే అర్థంలో ప్రపంచమంతా పాకిపోయింది. నబొకొవ్ ఆ రోజు టీవీలో దాన్ని ఖండించాడు. ఆ పిల్ల చెడ్డది కాదు, పాపం చిన్నపిల్ల, ఆమెను ఒకడు చెరిచాడు అన్న అర్థంలో మాట్లాడాడు. ఆమెను మాయలాడిగా చూసేది ఆ మగవాడి కళ్ళేనన్నాడు. రచయితే స్వయంగా వచ్చి చెప్పినా ఆ మాట ఎవరికీ ఎక్కలేదని పదిహేనేళ్ళ తరవాత అదే కార్యక్రమం రుజువు చేసింది.

1990 మార్చి 2. ఆ రాత్రి వచ్చిన అతిథుల్లో గాబ్రియెల్ మత్స్‌నెఫ్ ఒకడు. అప్పటికి యాభై దాటినవాడు, పేరున్న రచయిత. బడి వయసు ఆడపిల్లలతో తన సంబంధాల్ని డైరీలుగా అచ్చు వేసుకుంటూ వచ్చాడు. ఇవి కల్పిత కథలు కావు. పదహారేళ్ళ లోపు పిల్లల మీద తనకున్న మోజును సమర్థించుకుంటూ 1974లోనే ఒక పుస్తకం రాశాడు. ఆ రాత్రి తెచ్చింది డైరీలో మరో సంపుటం. పివో నవ్వుతూ పలకరించాడు. ఇంతమంది చిన్నపిల్లల్ని ఎలా పోగేస్తున్నారని, మీరు సెక్స్ పాఠాలు చెప్పే అసలైన మేష్టారని వేళాకోళమాడాడు. ఆయనా తీరిగ్గా జవాబు చెప్పాడు. చుట్టూ నవ్వులు. మా కార్యకర్త గుర్తుపట్టిన నవ్వులు అవే.

ఆ అతిథుల్లోనే కెనడాలోని క్వెబెక్ నుంచి వచ్చిన రచయిత్రి, జర్నలిస్టు దెనీజ్ బొంబార్దియే ఉంది. తన నవల గురించి మాట్లాడటానికి వచ్చింది. తన వంతు వచ్చేసరికి ఆమె నవ్వలేదు. నేను వేరే గ్రహం మీద ఉన్నట్టుంది అంది. ముసలివాళ్ళు కొందరు చిన్నపిల్లల్ని మిఠాయి చూపించి పిలుస్తారు, ఈయన తన పేరు ప్రతిష్ఠలు చూపించి పిలుస్తున్నాడు అంది. సాహిత్యం పేరు చెప్పి ఏదైనా చేయవచ్చా అని అడిగింది. ఆ తరవాత అసలు ప్రశ్న వేసింది: ఆ పిల్లలు తరవాత ఏమవుతారు? వాళ్ళు దీన్నుంచి ఎలా బయటపడతారు?

ఆయనకు కోపం వచ్చింది. నా గురించి ఇలాంటి తీర్పు చెప్పే హక్కు నీకు లేదన్నాడు. మిగిలినవాళ్ళు సర్దుకు కూచున్నారు. చర్చ ముందుకు సాగింది.

తరవాత జరిగింది కూడా మనకు బాగా తెలిసిన కథే. నేరం గురించి కాక, నేరాన్ని ఎత్తి చూపిన మనిషి గురించి మాట్లాడారు. ఆ నెలలోనే ఫిలిప్ సొలెర్స్ అనే ప్రముఖ రచయిత మరో టీవీ కార్యక్రమంలో బొంబార్దియేని ఉద్దేశించి, మగవాడి సుఖం సరిగా దొరకని ఆడది అనే అర్థం వచ్చే బూతుమాట వాడాడు. పేరున్న దినపత్రికలో ఒక విమర్శకురాలు కూడా ఆమెను ఎద్దేవా చేసింది. మత్స్‌నెఫ్‌కి మాత్రం ఏ లోటూ రాలేదు. పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. ప్రభుత్వ పుస్తక సంస్థ నుంచి భృతి అందింది. 2013లో రెనొదో బహుమతి కూడా వ్యాస విభాగంలో ఇచ్చారు.

బొంబార్దియే వేసిన ప్రశ్నకు జవాబు 30 ఏళ్ళ తరవాత వచ్చింది. 2020 జనవరిలో వనెస్సా స్ప్రింగోరా అనే ప్రచురణకర్త 'అంగీకారం' అనే పేరుతో తన కథ రాసింది. పద్నాలుగేళ్ళ వయసులో ఆమె మత్స్‌నెఫ్ చేతిలో పడింది. ఆయనకు అప్పుడు దాదాపు యాభై. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళకీ, పుస్తక ప్రపంచానికీ తెలుసు. ఎవరూ ఆపలేదు. పైగా ఆయన ఆమెను తన పుస్తకాల్లో పాత్రను చేశాడు. ఆమె రాసిన ఉత్తరాల్ని కూడా వాడుకున్నాడు. అంటే ఆ పిల్ల మీద హింస రెండుసార్లు జరిగింది, ఒకసారి గదిలో, ఇంకోసారి అచ్చులో. రెండోదానికి చప్పట్లు కూడా పడ్డాయి. పుస్తకాన్ని పుస్తకంతోనే ఎదుర్కోవడానికి ఆమెకు నలభై ఏడేళ్ళు వచ్చాయి.

ఆ పుస్తకం వచ్చే ముందు, 2019 డిసెంబరులో, ఆ పాత కార్యక్రమం ముక్కను ఫ్రాన్సులో అందరూ మళ్ళీ చూశారు. పివో మొదట ఆ రోజుల్లో నీతి కంటే సాహిత్యం ముందుండేదని, మనమంతా మన కాలం తయారుచేసిన మనుషులమేనని సర్దిచెప్పాడు. విమర్శలు వచ్చాక అప్పుడు తగిన మాటలు తనకు దొరకలేదని విచారం వెలిబుచ్చాడు. పారిస్‌లో ప్రభుత్వ న్యాయవాదులు దర్యాప్తు మొదలుపెట్టారు. మత్స్‌నెఫ్ డైరీల అమ్మకాన్ని ప్రచురణకర్తలు ఆపేశారు. 2021 ఏప్రిల్లో ఫ్రాన్సు చట్టం మార్చింది. 15 ఏళ్ళ లోపు పిల్లలతో, ఐదేళ్ళో అంతకు మించో పెద్దవాడైన వ్యక్తి లైంగిక సంబంధం పెట్టుకుంటే, ఆ పిల్ల ఒప్పుకుందనే వాదన ఇక చెల్లదు. బొంబార్దియే ఇవన్నీ చూసి 2023లో కన్నుమూసింది. పివో 2024లో పోయాడు.

ఆ కాలమే అంత అనే మాటను నేను ఒప్పుకోను. బొంబార్దియే కూడా ఆ కాలపు మనిషే. అదే స్టూడియోలో, అవే దీపాల కింద, అదే పుస్తకం చదివి కూచుంది. ఆమెకు కనిపించింది మిగిలినవాళ్ళకు కనిపించకపోవడానికి కారణం కాలం కాదు. వాళ్ళు ఆ పుస్తకాన్ని రాసినవాడి వైపు నుంచి చదివారు. ఆమె అందులో ఉన్న పిల్లల వైపు నుంచి చదివింది. స్త్రీవాదం మనకు నేర్పిన చదవడం అదే.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది, దాటేసి పోకూడదు. ఇలా అడగడం మొదలుపెడితే రేపు ప్రతి పుస్తకాన్నీ నీతి తక్కెడలో తూచరా, నిషేధించమనరా? ఈ భయం ఉత్తది కాదని తెలుగు ఆడవాళ్ళకి బాగా తెలుసు. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం'లో శృంగారం ఒక స్త్రీ నోట రాకూడనిదని వీరేశలింగం లాంటి సంస్కర్తే ఈసడించారు. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే ప్రభుత్వం మరుసటి ఏడు నిషేధించింది. నిషేధం తొలగడానికి 1947 దాకా ఆగవలసి వచ్చింది. 'నీలిమేఘాలు' సంకలనం వచ్చిన 1993 నాటి రోజులు మనలో చాలామందికి గుర్తే. ప్రసవం గురించి, గర్భస్రావం గురించి, పడకగదిలో బలవంతం గురించి కవయిత్రులు రాస్తే అశ్లీలమన్నారు, నీలి రాతలన్నారు. నిషేధం అనే కత్తి ఎవరి చేతిలో ఉన్నా ముందు మన మెడ మీదికే వస్తుంది.

అందుకే తేడా స్పష్టంగా చెప్పుకోవాలి. స్త్రీ తన శరీరం గురించి తాను రాస్తే అశ్లీలం, మగవాడు ఒక చిన్నపిల్ల శరీరం గురించి రాస్తే సాహిత్యం. ఈ కొలబద్దను మనం ప్రశ్నిస్తున్నాం. బొంబార్దియే ఆ రాత్రి ఆ పుస్తకాన్ని తగలబెట్టమనలేదు. అందులో ఉన్న పిల్లల మాటేమిటని అడిగింది. నిషేధం చర్చను మూసేస్తుంది. ప్రశ్న చర్చను తెరుస్తుంది. పుస్తకాల కార్యక్రమం ఉన్నది ప్రశ్న కోసమే అయితే, ఆ రాత్రి తన పని చేసిన మనిషి ఆమె ఒక్కతే.

ప్రశ్నించిన ఆడమనిషిని పడకగదిలోకి ఈడ్చే అలవాటు ఒక్క ఫ్రాన్సుది కాదు. జర్మనీ టీవీలో 1988 నుంచి 2001 దాకా ఒక ప్రఖ్యాత సాహిత్య చర్చా కార్యక్రమం నడిచింది. 2000లో జపాను రచయిత మురాకామి నవల ఒకటి బాగాలేదని సిగ్రిడ్ లోఫ్లర్ అనే విమర్శకురాలు అంది. పుస్తకం గురించి వాదించడం మాని, ఈమెకు శృంగారమంటేనే పడదని తోటి విమర్శకుడు రైష్-రానిట్స్‌కీ ఆమె మీదికి తిప్పాడు. పన్నెండేళ్ళు కూచున్న కుర్చీ వదిలి ఆమె వెళ్ళిపోయింది. అక్కడ చర్చ ఒక మామూలు నవల మీద. నేరం ఊసే లేదు. అయినా ఆయుధం అదే.

మన దగ్గరికి వస్తాను. కొన్నేళ్ళ క్రితం ఒక తెలుగు చానెల్ వాళ్ళు ఒక నవల మీద చర్చకు పిలిచారు. ముగ్గురు మగవాళ్ళు, నేను. నవలలో భర్త భార్యను కొట్టే సన్నివేశం ఉంది. దాన్ని రచయిత ప్రేమగా చూపించిన తీరు గురించి రాసుకుని వెళ్ళాను. గంట కార్యక్రమంలో నా వంతు చివరి ఐదు నిమిషాలకు వచ్చింది. "మేడమ్, మహిళా కోణంలో రెండు ముక్కలు చెప్పండి" అన్నాడు యాంకర్. చెప్పాను. "మేడమ్‌కి కోపం వచ్చినట్టుంది" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను! ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. సభామర్యాద అనుకున్నాను. ఆ క్వెబెక్ రచయిత్రిని చూసినప్పుడల్లా, నవ్వకుండా కూచోవడానికి ఎంత బలం కావాలో నాకు అర్థమవుతుంది.

ఇప్పుడు పుస్తకాల మాట టీవీలోనే కాదు, యూట్యూబులో, సాహిత్య ఉత్సవాల వేదికల మీద కూడా నడుస్తోంది. మనలో చాలామందిని పిలుస్తున్నారు. మనమే చిన్న చర్చలు నిర్వహిస్తున్నాం. అందుకే కొన్ని విషయాలు మన సంఘాల్లో మాట్లాడుకోవాలి. నలుగురిలో ఒకే స్త్రీని కూచోబెట్టి మహిళా కోణం అప్పజెప్పే పిలుపులకు మనం పెట్టే షరతులేమిటి? కుర్చీలో స్త్రీ ఉంటే చాలదని ఆ రోజుల్లో ఆ విమర్శకురాలి రాతే చెప్పింది. ఎవరి వైపు నుంచి చదువుతున్నామన్నది ముఖ్యం. నిజమైన మనుషుల జీవితాల్ని వాడుకున్న ఆత్మకథల్నీ, డైరీల్నీ చర్చించేటప్పుడు, ఆ మనుషుల ఒప్పుకోలు ఉందా అన్న ప్రశ్న తప్పక వేద్దాం. మన వేదిక మీద ఒక స్త్రీ అలాంటి ప్రశ్న వేసి ఒంటరిదైతే, సభ అయ్యాక గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని "బాగా చెప్పారండీ" అంటే సరిపోదు. మైకు ముందే ఆమె పక్కన నిలబడాలి.

శిబిరంలో ఆ మధ్యాహ్నం చివర్లో అదే కార్యకర్త ఇంకో మాట అడిగింది. "ఆ రోజు ఆ టీవీ ఇంట్లో కూచుని చూసిన ఆడపిల్లలు ఏమనుకుని ఉంటారక్కా?" నా దగ్గర జవాబు లేదు. ఆ నవ్వులు చూసి ఎంతమంది తమ నోరు తామే నొక్కుకున్నారో లెక్క తేలదు. అడగడానికి ఒక మనిషి ఉందని ఎంతమందికి ఆసరా దొరికిందో అదీ తేలదు. మనం మాట్లాడే ప్రతి చోటా వింటున్న పిల్ల ఒకతె ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకుందాం.