పాత విమానము, చౌక బేరము

కురబలకోట రైలు స్టేషనులో ధర్మవరము బండికై వేచియుండువారికి విమానముల బేరముతో పనియేమని చదువరులు మమ్మడుగవచ్చును. వారు చెల్లించు పన్నులతోనే ఆ పని ముడిపడియున్నది.

విజయ్ మాల్యాగారి ఎయిర్‌బస్ ఏ319 విలాస విమానమును సేవాపన్ను బకాయిలకై జప్తుచేసిన ప్రభుత్వము 2016లో 152 కోట్ల రూపాయల కనీసపు వెలతో వేలమునకు పెట్టెను. వచ్చిన పాట 1.09 కోట్లు! తుదకు 2018లో 34.8 కోట్లకు అది ఒక అమెరికా కంపెనీకి పోయినది. ఖజానాకు దక్కిన దదియే. మూతవేసిన యిల్లు కొన్నాళ్లు నిలుచును; ఎగురక నిలిచిన విమానము నానాటికి చెడును.

ఏనుగును కొనుట యొక యెత్తు, మేపుట యొక యెత్తు. ఇరువదియేండ్ల గల్ఫ్‌స్ట్రీమ్ క్రొత్తదాని వెలలో స్వల్పభాగమునకే దొరకవచ్చును. కాని విడిభాగము లమ్మువాడు విమానము పాతదని వెల తగ్గింపడు. ఇంజనుల మరమ్మతునకు వయోభేదము లేదు.

ధనికుడు తన సొమ్ముతో కొనిన మాకు ఆక్షేపణ లేదు. ప్రభుత్వమే కొనదలచినచో ఇంజనులు తిరిగిన గంటలు, మరమ్మతుల చిట్టాలు, రాబోవు పెద్ద తనిఖీకగు వ్యయము ముందుగా శాసనసభ యెదుట నుంచవలెను. చిట్టాలలో ఒక్క యేడాది లెక్క లోపించినను ఆ బేరమును విడిచిపెట్టవలెను.